మూగవస్తువుల నిబంధన

సింగరాయపురం మునిసిపాలిటీ వారి నలభై ఏడో నిబంధన నా చేతిరాతలోనే ఉంది. రాత గుండ్రంగా ఉందని చూసినవాళ్ళంతా మెచ్చుకుంటారు. అందులో ఉన్న తెలివి మాత్రం నాది కాదు. ఈ మాట ముందుగానే ఎందుకు చెబుతున్నానంటే, ఊళ్ళో నన్ను చూసి "అదుగో, వంకాయలమ్మే పోలమ్మ నోరు కట్టించిన పంతులు" అని చెవులు కొరుక్కునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

అప్పట్లో నేను మునిసిపల్ ఆఫీసులో రెండో గుమాస్తాని. మీటింగుల్లో ఎవరేమన్నారో పుస్తకంలో ఎక్కించడం నా ఉద్యోగం. సాయంత్రం కాగానే పాపయ్యశెట్టి గారి రేకుల సినిమా హాలుకి పోయి బొమ్మ చూడడం నా జబ్బు. ఆ రోజుల్లో బొమ్మ మాట్లాడేది కాదు. నిజం చెప్పొద్దూ, ఆ సంగతి మా ఊళ్ళో ఎవరికీ తెలియదు. బొమ్మ మూగదని లోకానికి తెలిసింది మాట్లాడే బొమ్మలొచ్చాకే. అంతకు ముందు మా ఊరి బొమ్మలన్నీ శుభ్రంగా మాట్లాడేవి, ఎందుకంటే తెర పక్కన గవర్రాజు ఉండేవాడు.

పెదపాటి గవర్రాజు ఓ ముక్కాలి పీట ఎక్కి, చేతిలో బెత్తం పుచ్చుకుని కథ చెప్పేవాడు. రాజు గొంతు, రాణి గొంతు, రాజు గారి గుర్రం గొంతు, అన్నీ అతనివే. తెర మీద మధ్యమధ్య ఇంగ్లీషులో అక్షరాలు పడేవి. కుర్చీల్లో కూర్చునే ఐదారుగురం తప్ప వాటిని చదివేవాడు లేడు. గవర్రాజుకీ రావు. మొదటి రోజు నేను చదివి చెబితే సగం గుర్తుపెట్టుకుని, మిగతా సగం తనే అల్లేసేవాడు. అల్లిన సగమే బాగుండేది. నేల టిక్కెట్టులో ముందు వరస అట్లు పోసే మంగమ్మది. ఆవిడ బొమ్మ నడుస్తుండగానే గట్టిగా అడిగేది: "ఒరే గవర్రాజూ, ఆ పిల్లెందుకేడుస్తోందిరా?" అతను కథ ఆపి, "మరేం లేదత్తా" అంటూ ఆవిడకి విడమరిచి చెప్పి, మళ్ళీ గుర్రం గొంతులోకి వెళ్ళిపోయేవాడు.

ఇలా ఉండగా బొంబాయి నుంచి సింహం బొమ్మ వచ్చింది. దానికి పేరేదో ఉంది గాని, మా వాళ్ళకి నోరు తిరగలేదు. ఆ కాలంలో కంపెనీ వాళ్ళు రీళ్ళ పెట్టెతో పాటు హాలు యజమానికి ఓ పుస్తకం కూడా పంపేవారు. బొమ్మని ఊళ్ళో ఎలా చాటుకోవాలో అందులో ఉండేది. శెట్టి గారు ఆ పుస్తకం పట్టుకుని మా అరుగెక్కారు.

"పంతులుగారూ, ఇదేం రాశాడో కాస్త చెబుదురూ. గుడ్డివాడి చేతికి అద్దమిచ్చినట్టుంది నా పని" అన్నారు.

నేను కళ్ళజోడు పెట్టుకుని తెలుగులో చెప్పాను. బజారు నుంచి హాలు దాకా సున్నంతో సింహం అడుగులు వెయ్యమన్నాడు. ఎడ్లబండి మీద బోను పెట్టి, గుడ్డ కప్పి, లోపలో మనిషిని కూర్చోబెట్టి గర్జింపజెయ్యమన్నాడు. హాల్లో సింహం నోరు తెరిచినప్పుడల్లా కూడా గర్జింపజేస్తే జనం విరగబడతారన్నాడు.

"గర్జించే మనిషి ఎక్కడ దొరుకుతాడండీ?" అన్నారు శెట్టి గారు. అంటూనే ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

గవర్రాజు అడుగు పగిలిన బానొకటి సంపాదించి అందులో తల పెట్టి గర్జించాడు. మా వీధిలో రెండు గేదెలు తాళ్ళు తెంపుకున్నాయి. మూడు రోజులు ఊరంతా సింహమే. "గర్జించు సింహమును చూడుడు! వినుడు!" అని కరపత్రాలు నేనే రాసిచ్చాను. అదే నా ప్రాణం మీదికి వచ్చింది.

ఎప్పుడూ సినిమా మొహం చూడని సోమయాజులు గారు ఆ కరపత్రం చదివి కుర్చీ టిక్కెట్టు కొన్నారు. ఆయన రిటైరైన సబ్-జడ్జీ, మునిసిపాలిటీకి వైస్-చైర్మను. తెర మీద సింహం నోరు తెరిచింది. హాలు దద్దరిల్లింది. నేల టిక్కెట్టు జనం కెవ్వుమన్నారు. సోమయాజులు గారు మాత్రం లేచి నిలబడి, జేబులోంచి బ్యాటరీ దీపం తీసి, ఆ గర్జన వచ్చిన దిక్కుకి వెలుగు కొట్టారు. బానలో తల పెట్టిన గవర్రాజు కనిపించాడు.

"నేను టిక్కెట్టు కొన్నది సింహము కొరకు. ఈతడు సింహము కాడు!" అన్నారు సబ్-జడ్జీ గారు.

గవర్రాజు బానలోంచి తల తీసి, "ఆయ్, కాదండి. గవర్రాజునండి" అన్నాడు వినయంగా.

మర్నాడే మునిసిపల్ మీటింగు. మా చైర్మను కొమరవోలు జగ్గరాయణిం గారు. పెద్ద భూస్వామి, పెద్ద తలపాగా, వెండిపిడి చేతికర్ర. ఆయన తల కుడిపక్కకి వాలిస్తే తీర్మానం నెగ్గినట్టు, ఎడంపక్కకి వాలిస్తే వాయిదా పడినట్టు. "అధ్యక్షులవారు ఆమోదించిరి" అని నేను రాసుకునేవాణ్ణి. ఆ రోజు సోమయాజులు గారు గంటన్నర మాట్లాడి, చివరికి నా చేత ఇలా రాయించారు:

"స్వయముగా శబ్దము చేయజాలని యే వస్తువునైనను ప్రజలకు ప్రదర్శించువారు, ఆ వస్తువును శబ్దముతో ప్రకటింపరాదు. అట్లు ప్రకటించుట ప్రజావంచన. ప్రదర్శన కాలమునందును అట్టి వస్తువునకు అన్యులు శబ్దమును సమకూర్చరాదు. అతిక్రమించిన వారి లైసెన్సు రద్దు."

జగ్గరాయణిం గారి తల కుడిపక్కకి వాలింది.

శెట్టి గారికి లైసెన్సంటే ప్రాణం. నిబంధన తు.చ. తప్పకుండా పాటించారు. ఆ శనివారం సినిమా బండి ఊరేగింపు ఎలా జరిగిందో నేను కళ్ళారా చూశాను. ముందు బాజాలవాళ్ళు. డోలు కర్ర డోలుకి జానెడు దూరంలో ఆగిపోతోంది. సన్నాయి ఆయన బుగ్గలు పూరించి, గాలి ముక్కుతో వదిలేస్తున్నాడు. ఎడ్ల మెడల్లో గంటలకి గుడ్డలు చుట్టారు. బోనులో గవర్రాజు నోరు తెరుస్తున్నాడు, మూస్తున్నాడు. బండి పక్కనే శానిటరీ ఇన్‌స్పెక్టరు చెవికి చెయ్యి అడ్డంపెట్టుకుని నడుస్తున్నాడు. ఈ వింత చూసి జనం తండోపతండాలుగా వెంటపడ్డారు. ఆ రోజు మొదటాటకి హాలు నిండింది.

ఆ ఆట నేను మరిచిపోలేను. బొమ్మలో ఒక చిన్నపిల్ల సింహం పిల్లని పెంచుకుంటుంది. సింహం పెద్దదవుతుంది. బోనులో పెట్టి ఎక్కడికో తీసుకుపోతుంటే పిల్ల ఏడుస్తుంది. అక్షరాలు పడ్డాయి, పోయాయి. జనం గవర్రాజు వైపు తిరిగారు. అతను పీట మీదే ఉన్నాడు, పెదాలు బిగబట్టుకుని.

"ఒరే గవర్రాజూ, ఆ పిల్లెందుకేడుస్తోందిరా?" అంది మంగమ్మ.

గవర్రాజు బెత్తం ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"నిన్నేరా! నీకేమైందిరా, పలకవేం?"

గవర్రాజు ఇన్‌స్పెక్టరు వైపు చూశాడు. ఇన్‌స్పెక్టరు పెన్సిలు తీశాడు. గవర్రాజు బెత్తం కింద పెట్టేసి, పీట దిగి, బయటికి వెళ్ళిపోయాడు. నేను కుర్చీలో కూర్చుని ఆ అక్షరాలన్నీ చదువుకుంటూనే ఉన్నాను. చదవడం వచ్చినందుకు ఎప్పుడూ అంత సిగ్గు పడలేదు.

మర్నాటికి నేల టిక్కెట్టు ఖాళీ. అర్థంకాని బొమ్మ ఎవడు చూస్తాడు? శెట్టి గారు గుండెలు బాదుకుని సోమయాజులు గారి ముందు మొరపెట్టుకున్నారు.

"బాబూ, నా ఒక్కడి మీదేనా ఈ చట్టం? బజార్లో వంకాయలు మాట్లాడుతున్నాయా? పెరుగు పాట పాడుతోందా? వాటినెందుకు అరిచి అమ్మనిస్తున్నారండీ?"

ఆ మాట అనకుండా ఉండాల్సింది. సోమయాజులు గారి మొహం వెలిగిపోయింది. "శెట్టీ, నీవు సత్యము పలికితివి. న్యాయము ఎల్లరకును సమానముగా నుండవలెను" అని, ఆ మధ్యాహ్నానికే శబ్ద పరీక్షా ఉపసంఘము స్థాపించారు. ఆయనే అధ్యక్షులు. రాతపని నాది.

ఉపసంఘము బజారంతా తిరిగింది. ప్రతి వస్తువుకీ సబ్-జడ్జీ గారు చెవి ఆనించి వినేవారు. వంకాయ, మూగది. కేకెయ్యరాదు. పెరుగు, మూగది. గాజులు, శబ్దముగలవి. కేకెయ్యవచ్చు. పనసకాయ దగ్గర గంట చర్చ జరిగింది. తడితే మోగుతుంది గదా అని అమ్మేవాడు వాదించాడు. "తట్టినది నీవు. మ్రోగినదియు నీ పుణ్యమే" అని కొట్టేశారు. అప్పడం దగ్గర మాత్రం ఆయన చాలాసేపు ఆలోచించి, పచ్చి అప్పడం మూగదనీ, వేపిన అప్పడం విరిచినప్పుడు శబ్దము చేయును గనుక, వేపి విరుచుచున్నంతసేపు మాత్రమే కేకవేయవచ్చుననీ తీర్పు ఇచ్చారు. మోగే ప్రతి సరుకుకీ శబ్ద ధ్రువపత్రం ఇచ్చాం. దేవుడి ఊరేగింపు సంగతి ఎవరో ఎత్తబోతే, ఆ విషయము తమ పరిధికి పైస్థాయిలో నున్నదన్నారు. అదొక్కటే ఆయన చేసిన తెలివైన పని.

బజారు మూగబోయింది. వంకాయలమ్మే పోలమ్మ నోరు మూసుకుని, వంకాయ చేత్తో పట్టుకుని గుమ్మం గుమ్మానికీ తిరిగి ఊపేది. నన్ను చూస్తే రెండు వంకాయలు ఊపేది. అవి తిట్లని నాకు తెలుసు.

ఒకరోజు గవర్రాజు భార్య రత్తాలు మా ఇంటికొచ్చింది. శెట్టి గారు అతన్ని హాలు బయట సైకిళ్ళ కాపలాకి పెట్టారని నాకు తెలుసు.

"పంతులుగారూ, ఆయన ఇంట్లో కూడా మాట్లాడ్డం మానేశాడండి. అన్నం పెట్టనా అంటే తలూపుతాడు. రాత్రి కూరలో ఉప్పెయ్యడం మరిచిపోతే తిడతాడేమోనని చూశానండి. తిట్టలేదండి!" అని కళ్ళొత్తుకుంది. "కాకినాడలో రంగం ఓడ ఎక్కి పోతాడంటండి. ఈ ఊళ్ళో నోరుండి ఏం లాభం అన్నాడు. నెలరోజుల్లో అదొక్కటే మాటండి."

కూలికని బర్మాలో రంగం వెళ్ళినవాళ్ళు ఎందరు తిరిగొచ్చారో మా ఊళ్ళో వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు. సింహాన్ని గర్జింపజెయ్యమని చదివి చెప్పింది నేను. వినుడు అని కరపత్రం రాసింది నేను. నిబంధన రాసిందీ ఈ పాడు చేత్తోనే. "ఓడ ఎప్పుడమ్మా?" అన్నాను. "ఎన్నికలైన మర్నాడండి" అంది.

అవును, మునిసిపల్ ఎన్నికలొచ్చాయి. మా చైర్మను గారికి ఎదురుగా రైసుమిల్లు బుల్లియ్య గారు నిలబడ్డారు. ఆయన నోరు మూయగా చూసినవాళ్ళు లేరు. జగ్గరాయణిం గారి తరఫున రెండు మేళాలు, నాలుగు దండోరాలు మాట్లాడి పెట్టారు. నేను ఆఫీసులో మూడేళ్ళ మీటింగు పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నాను. ముప్పై ఆరు మీటింగులు. మొదటి పుటనుంచి చివరి పుట దాకా చదివాను. తర్వాత ఉద్యోగం ఊడినా సరేననుకుని, వైస్-చైర్మను గారికి ఒక మనవి రాసి పెట్టాను:

"ముప్పదియారు సమావేశములయందును అధ్యక్షులవారు ఒక్క మాటయు పలికినట్లు పుస్తకములలో లేదు. వారిని ప్రజలకు శబ్దముతో ప్రకటించుట నలువదియేడవ నిబంధనకు లోబడునా, లోబడదా? దయచేసి సందేహ నివృత్తి చేయ ప్రార్థన."

ఇంకెవరైనా అయితే ఆ కాగితం చింపి నా మొహాన కొట్టేవారు. సోమయాజులు గారు అలాంటి మనిషి కాదు. ఆయన దాన్ని మూడుసార్లు చదివారు. కాసేపు చెమటలు తుడుచుకున్నారు. "మిత్రుడని మినహాయించిన అది న్యాయము కానేరదు" అని గొణిగి, ఉపసంఘంతో సహా చైర్మను గారి మేడకి బయల్దేరారు.

జగ్గరాయణిం గారు పడక్కుర్చీలో ఉన్నారు. సోమయాజులు గారు వంకాయకి ఆనించినట్టే చెవి ఆనించి, "ఏదేని సెలవీయుడు" అన్నారు.

చైర్మను గారు తల కుడిపక్కకి వాల్చారు.

"అది కదలిక. శబ్దము కాదు. నోటితో సెలవీయుడు."

చైర్మను గారు నోరు తెరిచారు. ఏం చెప్పాలో ఆయనకి తోచలేదు పాపం, మూసేశారు. పుట్టిందగ్గర్నుంచీ ఆయన అడక్కముందే అన్నీ అమరేవి, మాటల అవసరం ఎప్పుడొచ్చింది గనక! ఇంతలో పొలమారి దగ్గారు. ఉపసంఘము అక్కడికక్కడే సమావేశమై, అప్పడం తీర్పు పుటలు తిరగేసి, అధ్యక్షులవారు దగ్గుచున్నంతసేపు మాత్రము మేళము వాయింపవచ్చునని నిర్ణయించింది.

ఆ ఊరేగింపు బజార్లోకి వచ్చింది. జట్కా మీద పూలదండలతో జగ్గరాయణిం గారు. ముందు రెండు మేళాలూ నిశ్శబ్దంగా చేతులాడిస్తున్నాయి. దండోరా వాళ్ళు పెదాలు కదుపుతున్నారు. ఊరంతా అరుగులెక్కి నిలబడింది.

"ఎవర్రా పోయిందీ?" అన్నాడొకడు.

"జగ్గరాయణిం గారల్లే ఉంది. కూర్చోబెట్టి తీసుకుపోతున్నారు. డప్పులైనా లేవు, అంత పెద్దమనిషికి!"

ఆ దుమ్ముకి చైర్మను గారు దగ్గారు. మేళాలు రెండూ ఒక్కసారి డబడబలాడి, దగ్గుతోపాటు ఆగిపోయాయి. అట్లపెనం వదిలేసి మంగమ్మ రోడ్డు మధ్యకి పరుగెత్తుకొచ్చింది. "ఓరి మీ చేతులు పడిపోనూ! ఇంకా దగ్గుతున్నాడర్రా, దింపండి!" అని గుర్రం కళ్ళెం పట్టుకుంది.

అవతలి వీధిలో బుల్లియ్య గారి మేళం నిరాటంకంగా మోగుతోంది. ఆయనకి శబ్ద ధ్రువపత్రం ఉంది మరి.

జట్కా తిన్నగా ఆఫీసుకే వచ్చింది. చైర్మను గారు కుర్చీలో కూలబడి, నావైపూ సోమయాజులు గారి వైపూ దీనంగా చూశారు. నేను గొంతు సవరించుకున్నాను.

"అయ్యా, తమరి పక్కన నిలబడి తమ తరఫున మాట్లాడే మనిషి ఒకడు ఊళ్ళో ఉన్నాడు. గవర్రాజని. పిలిపించమంటారా?"

ఆయన తల ఎంత గట్టిగా కుడిపక్కకి వాలిందంటే తలపాగా ఊడి నా పుస్తకం మీద పడింది.

"కాని నిబంధనలో అన్యులు శబ్దమును సమకూర్చరాదని..." అని నసిగారు సోమయాజులు గారు.

"తమరు కోర్టులో ముప్పై ఏళ్ళు తీర్పులు చెప్పారు. కక్షిదారు నోరు మెదపకపోయినా, వకీలు మాట్లాడితే అది కక్షిదారు మాట అయిందా, కాలేదా బాబూ?" అన్నాను.

ఆయన వేళ్ళ మీద ఏవో పాత తీర్పులు లెక్కపెట్టుకున్నారు. "అయినది" అన్నారు. అప్పటికప్పుడు అత్యవసర సమావేశం. నలభై ఏడో నిబంధనకి సవరణ నా గుండ్రటి రాతలోనే: "మూగవస్తువు ప్రక్కన నిలబడి దాని పక్షమున మాట్లాడు మనిషి యుండినచో, ఆ వస్తువు శబ్దముగలదిగనే పరిగణింపబడును."

ఎన్నికలు ఎల్లుండనగా గవర్రాజు జట్కా ఎక్కి, బెత్తం చైర్మను గారి వైపు చూపించి గొంతెత్తాడు. "బాబుల్లారా! జగ్గరాయణిం గారేమంటున్నారంటే..." అన్నాడు. నెలరోజులు బిగబట్టిన గొంతు అది. పక్క ఊళ్ళకి కూడా వినబడి ఉంటుంది. మంచినీళ్ళ కుళాయిల గురించి రాజు గొంతులో చెప్పాడు. మురిక్కాలవల గురించి రాణి గొంతులో ఏడ్చాడు. బుల్లియ్య గారి మాటెత్తినప్పుడు సింహంలా గర్జించాడు. జనం ఈలలేశారు. పోలమ్మ గంప పక్కన నిలబడి వంకాయల తరఫున కేకలేసుకుంది, అదిప్పుడు చట్టబద్ధమే. జగ్గరాయణిం గారు ఆశ్చర్యంగా తనేం మాట్లాడుతున్నారో వింటూ కూర్చున్నారు. నెగ్గారు.

ఎన్నికలు ముగిసిన సాయంత్రం రేకుల హాల్లో సింహం బొమ్మ మళ్ళీ వేశారు. గవర్రాజు పీటెక్కాడు. రత్తాలు కూడా వచ్చి మంగమ్మ పక్కన కూర్చుంది. తెల్లారితే ఓడ రోజు. అతను వెళ్తాడో ఉంటాడో ఎవరికీ చెప్పలేదు. తెర మీద సింహాన్ని బోనులో పెట్టారు. పిల్ల ఏడుస్తోంది.

"ఒరే గవర్రాజూ, ఆ పిల్లెందుకేడుస్తోందిరా?"

సింహాన్ని దూరదేశపు సర్కసుకి ఇచ్చేశారని తెర మీద ఇంగ్లీషులో ఉంది. నేను చదివాను.

"దాని సింహాన్ని రంగం ఓడెక్కించేస్తున్నారత్తా" అన్నాడు గవర్రాజు. "నువ్వూరుకో. ఎక్కదులే. ఇక్కడే ఉంటుంది."

రత్తాలు కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. నేను కళ్ళజోడు తీసేశాను. దానితో నాకప్పుడు పనేమీ లేదు.

కొన్నేళ్ళకి మాట్లాడే బొమ్మలొచ్చాయి. తెర పక్కన ముక్కాలి పీట తీసేశారు. మొదటి రోజు నేను గవర్రాజుని ఓదారుద్దామని వెళ్ళాను. మునిసిపల్ ఆఫీసులోనే ఉన్నాడు, చైర్మను గారి కుర్చీ పక్కన నిలబడి. మంగమ్మ వీధిలో చీకటిగా ఉందనీ, దీపస్తంభం వేయించాలనీ జగ్గరాయణిం గారు ఎందుకు పట్టుబడుతున్నారో సభ్యులకి చెబుతున్నాడు. ఆయన ఎప్పటిలాగే విని, తల కుడిపక్కకి వాల్చారు. నేను రాసుకున్నాను.

మీటింగయ్యాక, "హాలు పోయిందని బెంగగా ఉందా గవర్రాజూ?" అని అడిగాను.

"ఉందండి, లేకేం" అన్నాడు. తర్వాత కుర్చీలో కునుకు తీస్తున్న చైర్మను గారి కేసి చూసి, గొంతు తగ్గించాడు. "తెర మీదవాళ్ళందరికీ మాటలొచ్చేశాయి గాని పంతులుగారూ, ఈయనకి రావు లెండి. నాకా భయం లేదు."